మత్తడి ఆగినాక గాలం

దసరా దాకా మత్తడి (అలుగు) దుంకిన చెరువు దీపావళి దాటేసరికి సద్దుమణుగుతుంది. గాలాలు అటకెక్కుతాయి. "చలికి చేప తినదు" అనే మాట మన ఊళ్లల్లో ఎవరిని అడిగినా వస్తుంది. నిజానికి చేప తిండి మానదు. తినే వేళ, తినే చోటు, ఎరను నోట్లోకి తీసుకునే తీరు మారుతాయి. వానాకాలం గాలాన్ని అట్లాగే పట్టుకుపోయి తెల్లవారుజామున వేస్తే మాత్రం పొద్దుగూకేదాకా దారానికి కట్టి నీటిపై తేలనిచ్చే బెండు కదలదు.

చేప ఒంటికి సొంత వేడి ఉండదు. నీళ్లు చల్లబడిన కొద్దీ దాని కడుపులో తిండి అరగడం నెమ్మదిస్తుంది, ఆకలి కూడా తగ్గుతుంది. నల్లగొండ, పాలమూరు వైపు డిసెంబర్, జనవరి రాత్రుల్లో చలి 15 డిగ్రీల కిందికి దిగే రోజులుంటాయి. తెల్లారేసరికి చెరువు పైనీరు బాగా చల్లబడి ఉంటుంది. ఎండ పడ్డాక ముందుగా వేడెక్కేది రెండు మూడు అడుగుల లోతున్న శిఖం (చెరువులో నీళ్లు పరుచుకునే నేల) అంచు. అందుకే ఈ కాలంలో గాలానికి మంచి వేళ పదిన్నర నుంచి మూడున్నర. ఉదయం చలిలో వణుకుతూ కూర్చోవడం కంటే ఇంట్లో రొట్టె తిని బయలుదేరడమే మేలు.

రెండో మార్పు తేట. వరద తెచ్చిన ఎర్రమట్టి అడుగుకు దిగిపోయి నీళ్లు అద్దంలా అవుతాయి. ఆగస్టులో 0.35 మిల్లీమీటర్ల దారం కట్టినా చేప పట్టించుకోదు. ఇప్పుడు దాన్ని చూసి పక్కకు తొలగిపోతుంది. రీలు ఉన్న కర్రకు 0.20 దారం చాలు, బ్రేకు వదులుగా పెట్టి ఓపికగా ఆడిస్తే రెండు కిలోల రవ్వ (రోహు) చేప కూడా ఒడ్డుకొస్తుంది. రీలు లేని వెదురు కర్రకు మాత్రం 0.25 కంటే సన్నంగా పోవద్దు. చేప ఒక్క ఉరుకు ఉరికితే వదలడానికి అక్కడ దారం ఉండదు, మొదటి గుంజుకే తెగిపోతుంది.

చోటు చూసుకునే ముందు ఆ చెరువుకు నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయో తెలుసుకోవాలి. వాన మీదే ఆధారపడ్డ ఊరచెరువులో కార్తీకం తర్వాత నీళ్లు తగ్గడమే ఉంటుంది. చేప మెల్లగా శిఖం వదిలి, పాత వాగు పారిన లోతు పాయలోకి, కట్ట కిందికి, తూము వైపు జరుగుతుంది. మధ్యాహ్నం ఎండకు మళ్లీ కొద్దిసేపు అంచుకు వస్తుంది. ఎత్తిపోతల నీళ్లు వచ్చే చెరువు సంగతి వేరు. నల్లగొండ పక్కన పానగల్లు ఉదయసముద్రమే చూడండి. సాగర్ వెనుక నీటిని పుట్టంగండి దగ్గర ఎత్తిపోసి, అక్కంపల్లి మీదుగా కాలువలో అక్కడికి తెస్తారు. అలాంటి చోట వాన లేకపోయినా నీటిమట్టం పెరుగుతుంది, తగ్గుతుంది. కొత్త నీరు దిగే మూల దగ్గర మేత కొట్టుకొస్తుంది కాబట్టి చేప అక్కడ గుమిగూడుతుంది. కల్వకుర్తి ఎత్తిపోతలతో నిండే చెరువులకూ ఇదే లెక్క. యాసంగికి తూము వదిలినప్పుడు దాని తలుపుకు దగ్గరగా మాత్రం నిలబడొద్దు. అక్కడ నీటి గుంజుడు పైకి కనిపించదు.

ఇక బెండు. ఈ కాలంలో అసలు పని ఇక్కడే ఉంది. వానాకాలంలో బెండు గుటుక్కున మునుగుతుంది, లాగుతాం. చలికాలంలో చాలాసార్లు మునగనే మునగదు. నెమలి ఈక కాడతో చేసిన సన్న బెండు దీనికి అన్నిటికంటే మంచిది. థర్మాకోల్ ఉండ, పాత చెప్పు ముక్క అవసరానికి మించి తేలుతాయి. వాటిని కిందికి లాగేంత బలంగా చలికాలం చేప కొరకదు.

ముందు లోతు కొలవాలి. గాలానికి బెండును ముంచేంత బరువున్న సీసం కట్టి వేయండి. బెండు మునిగిపోతే దారం చాల్లేదన్నట్టు, బెండును పైకి జరపండి. అడ్డంగా పడుకుంటే దారం ఎక్కువైంది, కిందికి జరపండి. కొస మాత్రమే కనిపించే దగ్గర లోతు దొరికినట్టు. ఆ బరువు తీసేసి అసలు సీసం గుండ్లు దారానికి నొక్కాలి. మొత్తం బరువులో మూడింట రెండొంతులు సగం లోతులో ఒకేచోట, మిగతాది గాలానికి నాలుగు వేళ్ల పైన ఒక్క చిన్న గుండు. ఆ చిన్న గుండు అడుగున ఆనీ ఆనకుండా ఉండాలి. బెండు నీటిపైన అర అంగుళం కంటే ఎక్కువ కనిపించకూడదు.

ఇలా కడితే ఏమవుతుందో చూడండి. మ్రిగాల అడుగున మేసే చేప. తల వంచి ఎరను నోట్లోకి పీల్చి, మళ్లీ తల ఎత్తుతుంది. ఎత్తినప్పుడు ఆ చిన్న గుండు కూడా దాంతో పాటు లేస్తుంది. దాని బరువు తప్పగానే బెండు మునగడానికి బదులు వేలెడు పైకి లేచి, మెల్లగా ఒక పక్కకు ఒరుగుతుంది. లాగాల్సింది అప్పుడే. మునిగేదాకా ఆగితే చేప ముల్లు తగిలి ఉమ్మేసి ఉంటుంది. లాగడం కూడా మణికట్టు తిప్పినంతే, భుజం కదలొద్దు. సన్న దారం అంతకంటే తట్టుకోదు. బెండు ఊరికే గజగజలాడి ఆగిపోతే అవి పరిగెలు, చిన్న జెల్లలు. వాటికి లాగితే ఎర పోవడం తప్ప లాభం లేదు.

గాలం నంబరు పెరిగిన కొద్దీ ముల్లు చిన్నదవుతుంది. వానల్లో 6 వాడితే ఇప్పుడు 10 లేదా 12 కట్టండి, ఎర కూడా శనగగింజంత ఉంటే చాలు.

పిండి ఎరకు ఒక పూట లెక్క: వేయించి దంచిన పల్లి చెక్క 100 గ్రాములు, తౌడు 100 గ్రాములు, పట్టు కోసం గోధుమపిండి 50 గ్రాములు, కొద్దికొద్దిగా గోరువెచ్చని నీళ్లు. చలికాలంలో అందరూ చేసే పొరపాటు పిండిని గట్టిగా కలపడం. చల్లని నీళ్లలో ఉండ ఇంకా బిగుస్తుంది, లాగినప్పుడు ముల్లు అందులో నుంచి బయటికి రాదు, చేప జారిపోతుంది. చెవి తమ్మె ఎంత మెత్తగా ఉంటుందో అంత మెత్తగా ఉండాలి. ఒక ఉండను చెంబు నీళ్లలో వేసి చూడండి. ఐదు నిమిషాలు నిలిచి, ఆ తర్వాత అంచులు విడిపోతే సరిగ్గా కుదిరినట్టు. చేపను పిలవడానికి చల్లే మేత వానల్లో కిలో అయినా చెల్లుతుంది, ఇప్పుడు రెండు గుప్పిళ్లు దాటొద్దు. ఆకలే తక్కువున్న చేప ఆ మేతతోనే కడుపు నింపుకుని పోతుంది. ఎర్రల (వానపాముల) కోసం గట్టు తవ్వితే ఈ కాలంలో దొరకవు, లోతుకు పోతాయి. పెంటకుప్ప అంచున తడి ఉన్నచోట చూడండి. ఒక్కో గాలానికి సగం ఎర్ర చాలు.

కొర్రమట్టది వేరే దారి. అది పైకి వచ్చి గాలి మింగే చేప. నీళ్లు చల్లబడితే దానికి ప్రాణవాయువు అవసరం తగ్గుతుంది, పైకి రావడమూ తగ్గుతుంది. అందుకే బుడగ కనిపించలేదని చెరువులో కొర్రమట్ట లేదనుకోవద్దు. ఎరగా వాడే రబ్బరు కప్పను వానల్లోలాగా గబగబా లాగితే వెంటరాదు. పన్నెండు, రెండు మధ్య ఎండలో, తుంగ అంచును ఆనుకుని వేసి, జానెడు లాగి, పది లెక్కపెట్టేంత సేపు ఆపాలి. పట్టిన వెంటనే గుంజకుండా మూడు లెక్కపెట్టి అప్పుడు గుంజాలి. ఇక్కడ మాత్రం సన్న దారం పనికిరాదు, తామర కాడల్లో చుట్టేస్తుంది. అల్లిన దారమే వాడండి. అడుగు కంటే తక్కువ పొడవున్న కొర్రమట్టను నీళ్లలో వదిలేయండి. వచ్చే తొలకరికి గుడ్లు పెట్టాల్సింది అదే. మన తెలంగాణ రాష్ట్ర చేప అని పేరు పెట్టుకున్నాక ఆ మాత్రం చూసుకోవాలి.

చెరువు ఎవరిదో మరిచిపోవద్దు. ఊరచెరువులో చేపల మీద హక్కు మత్స్య సహకార సంఘానిది. 2016-17 నుంచి ప్రభుత్వం ఇస్తున్న ఉచిత చేపపిల్లలను వాళ్లు అందులో వదిలి, కాపలా కాసి పెంచుతారు. పిల్ల చెరువులోకి వచ్చేటప్పుడు కొన్నిచోట్ల 35–40 మిల్లీమీటర్లు, పెద్ద చెరువుల్లో 80–100 మిల్లీమీటర్లు ఉంటుంది. చలికాలం మధ్యలో మీ చిన్న గాలానికి ముందు తగిలేవి ఈ పిల్లలే. సంఘం వాళ్లను అడిగి, ఒప్పుకుంటేనే కూర్చోండి. పిల్ల తగిలితే చెయ్యి తడుపుకుని పట్టుకోండి, పొడిచేత్తో పట్టుకుంటే ఒంటి మీది జిగురు పోయి పుండు పడుతుంది. ముల్లు కొసన ఉన్న ఎదురుముల్లును ముందే పట్టకారుతో నొక్కేసుకుంటే గాయం లేకుండా ఊడివస్తుంది.

కట్ట మీద మోటార్ల కరెంటు తీగలు తక్కువ ఎత్తులో పోతుంటాయి. కార్బన్ కర్రకు కరెంటు పారుతుంది. తీగ కింద కర్ర ఎత్తొద్దు, నడిచేటప్పుడు విప్పి పట్టుకోండి.

ఇంటికి వచ్చాక దారం చివరి మూడు మీటర్లను దూది ముక్కలోంచి లాగి చూడండి. దూది పోగు ఎక్కడ పట్టుకుంటే అక్కడ గీత పడ్డట్టు, ఆ గీతకు పైన కోసేయండి. రీలు పిడికి కుట్టుమిషను నూనె ఒక చుక్క చాలు. వెదురు కర్రకు ఆముదం రాసి, గోడకు ఆనించకుండా దూలానికి నిలువుగా వేలాడదీయండి. ఆనించి పెట్టిన కర్ర సంక్రాంతికల్లా వంగుతుంది, ఆ వంపు మళ్లీ పోదు.