టెర్లింగ్వా, టెక్సాస్
బిగ్ బెండ్ పార్క్ చూడ్డానికి వెళ్తూ టెర్లింగ్వాలో ఆగాం. ఊరికి మేయర్ లేడు, మున్సిపాలిటీ లేదు, ఏదైనా బ్రూస్టర్ కౌంటీనే చూసుకోవాలి. చుట్టూ ఎడారి కొండలు, రియో గ్రాండే నది దాటితే మెక్సికో. ఆ కొండల్లో దొరికే ఎర్రటి ఇంగిలీకం అనే ఖనిజాన్ని కొలిమిలో కాల్చి, లేచిన ఆవిరిని చల్లబరిచి పాదరసం తీసేవాళ్లు, అప్పట్లో పేలుడు పదార్థాలకి అది కావాలి కాబట్టి మొదటి ప్రపంచయుద్ధంలో గిరాకీ బాగా పెరిగింది. 1903లో హోవర్డ్ పెర్రీ పెట్టిన చీసోస్ మైనింగ్ కంపెనీ 1942లో దివాలా తీసింది, ఆ తర్వాత ఊరు దాదాపు ఖాళీ అయిపోయింది. పెర్రీ బంగళా ఇంకా నిలబడే ఉంది. గనిలో దిగింది మాత్రం ఎక్కువగా మెక్సికన్లు, వాళ్ల ఇళ్లకి చాలావరకు మొండిగోడలే మిగిలాయి, శ్మశానంలో రాళ్లు పేర్చిన సమాధులు, కర్ర శిలువలు, కొన్నిటి మీద పేరు కూడా లేదు. అది చూసి నిజంగా కోపమొచ్చింది. ఇప్పుడు అక్కడ మళ్లీ కొంతమంది కాపురముంటున్నారు, 1967లో మొదలైన చిల్లీ (మిరపకాయలు వేసి వండే మాంసం కూర) వంటల పోటీకి ఏటా నవంబర్‌లో జనం బాగా వస్తారట.