నీళ్ళు తక్కువ అడిగే వంట

2014 అక్టోబరు 12, ఆదివారం. హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటిన రోజు. అప్పుడు మేము సీతమ్మధారలో మూడో అంతస్తులో ఉండేవాళ్ళం. బియ్యం బస్తా అంతకు వారం ముందే విప్పాం, కందిపప్పు ఉంది, గ్యాస్ బండ కూడా కొత్తదే, కాబట్టి తిండికేం ఇబ్బంది ఉండదులే అనుకున్నాం. సోమవారం సాయంత్రానికి పై ట్యాంకు ఖాళీ అయిపోయింది. కరెంటు లేదు కాబట్టి మోటారు లేదు, మోటారు లేదు కాబట్టి కుళాయిలో చుక్క లేదు, కింద సంపులో ఉన్న నీళ్ళు బకెట్లతో మూడు అంతస్తులు మోసుకురావాలి.

అన్నం ఎన్ని నీళ్ళు తాగుతుందో నాకు ఆ రోజే తెలిసింది. మామూలు రోజుల్లో ఎవరం లెక్కపెట్టం కదా. బియ్యం రెండుసార్లు కడగాలి, పప్పు కడగాలి, ఎసరు పెట్టాలి, తిన్నాక కుక్కరు, గిన్నెలు, కంచాలు, గరిటెలు తోమాలి. నలుగురికి ఒక్క పూట భోజనానికి దాదాపు బకెట్ నీళ్ళు పోతాయి. అమ్మ మిగిలిన అర బకెట్ వైపు చూసి, "ఇవాళ అన్నం వద్దురా, అటుకులు తడిపి పెడతాను" అంది. ఆ రెండు మూడు రోజులూ మమ్మల్ని గట్టెక్కించింది అటుకులూ, ఒక సీసాలో ఉన్న పులిహోర గుజ్జూను. అప్పటినుంచి అత్యవసరానికి దాచే సామాను ఏదైనా నేను ముందు ఒకటే చూస్తాను: దీనికి కడగడానికి, ఉడకడానికి, తోమడానికి కలిపి ఎన్ని నీళ్ళు కావాలి? ఎన్నాళ్ళు నిల్వ ఉంటుందన్నది ఆ తర్వాత.

అటుకుల సంగతి కొంచెం వివరంగా చెప్తాను. లావు అటుకులు కొనగానే జల్లించి, రాళ్ళూ ఊకా ఏరి, ఒక ఎండ చూపించి డబ్బాలో పోసేయాలి. ఈ పని ముందే అయిపోతే అవసరమొచ్చిన రోజు కడగక్కర్లేదు, తడిపితే చాలు. గ్లాసుడు అటుకులకి అర గ్లాసు కంటే కాస్త తక్కువ నీళ్ళు చిలకరించి, చేత్తో ఒకసారి పైకీ కిందికీ కలిపి, పది నిమిషాలు మూత పెడితే మెత్తగా పొడిపొడిగా అవుతాయి. ఎక్కువ పోస్తే ముద్ద కడతాయి, పిల్లలు ముట్టరు. అందులో చెంచాన్నర పులిహోర గుజ్జు కలిపితే పొయ్యి వెలిగించకుండానే టిఫిన్ అయిపోయినట్టే. తోమాల్సింది ఒక్క గిన్నె. విస్తరాకుల కట్ట ఇంట్లో ఉంటే కంచాల పని కూడా ఉండదు, అందుకే నా డబ్బాలో తిండితో పాటు విస్తరాకులు తప్పకుండా ఉంటాయి.

గుజ్జు నిల్వ ఉండాలంటే చింతపండు రసం బాగా చిక్కగా తీయాలి, నూనె పిసినారితనం లేకుండా పోయాలి, అది పైకి తేలి గుజ్జు మూకుడుని వదిలేదాకా ఉడికించాలి. పసుపు, ఉప్పు, మెంతిపొడి, ఇంగువ అందులోనే. తడి చెంచా పెట్టకపోతే మా ఇంట్లో నెలపైనే బయట నిక్షేపంలా ఉంటుంది. ఫ్రిజ్‌ని నమ్ముకున్నది ఏదీ ఈ లెక్కలోకి రాదు. కరెంటు పోయాక తలుపు తెరవకుండా ఉంచినా ఫ్రిజ్‌లో వండిన పదార్థాలు నాలుగు గంటలు దాటితే తినకపోవడమే మంచిది.

రెండోది ఉప్మా పొడి. కిలో బొంబాయి రవ్వ సన్నని మంట మీద కమ్మని వాసన వచ్చేదాకా వేయిస్తాను. విడిగా నూనెలో ఆవాలు, మినపప్పు, శనగపప్పు, ఎండుమిర్చి, కరివేపాకు. కరివేపాకు చేత్తో నలిపితే పొడి అయ్యేంత కరకరలాడాలి, ఎందుకంటే ఆకులో తడి ఉంటే మన తీరప్రాంతపు గాలికి డబ్బా మొత్తం బూజు పడుతుంది. ఉప్పు కూడా వేయించే వేస్తాను. అంతా పూర్తిగా చల్లారాక గ్లాసుడేసి చిన్న చిన్న ప్యాకెట్లు కడతాను, ఒకటి విప్పితే మిగతావాటికి గాలి తగలదు. రెండున్నర గ్లాసుల నీళ్ళు మరిగించి ఒక ప్యాకెట్ పోసి కలిపి, రెండు నిమిషాలు ఉంచి, పొయ్యి ఆపి మూత పెట్టేయడమే. మిగతాది ఆ వేడికే ఉడుకుతుంది, గ్యాస్ కలిసొస్తుంది. ఉల్లిపాయ లేని ఉప్మా ఉప్మాయేనా అని మా చెల్లి అంటుంది. మూడో రోజు చీకట్లో కొవ్వొత్తి పెట్టుకుని వేడివేడిగా తింటే ఆ ప్రశ్న ఎవరికీ రాదు.

నాన్నకి షుగర్ ఉంది. అటుకులు బెల్లం, మరమరాల ఉండలు (రాయలసీమ వాళ్ళు బొరుగులంటారు) లాంటివి ఆయనకి పనికిరావు. ఆయన కోసం పుట్నాల పొడి. వేయించిన పుట్నాలు, జీలకర్ర, ఉప్పు మిక్సీ పట్టి ఉంచుతాం, గ్లాసు నీళ్ళలో రెండు పెద్ద చెంచాలు కలిపి కాస్త నిమ్మఉప్పు వేస్తే తాగేయొచ్చు, కడుపు నిండుగా ఉంటుంది. బీహార్ వాళ్ళ సత్తు ఇలాంటిదే. కరెంటు లేనప్పుడు మిక్సీ తిరగదు కాబట్టి పొడులన్నీ ముందే పట్టి ఉంచుకోవాలి. కందిపొడి, కరివేపాకు పొడి సరే, కానీ ఆవకాయ విషయంలో మాత్రం చెయ్యి కాస్త వెనక్కి తీసుకోండి. ఉప్పూ కారం ఎక్కువైతే దాహం పెరుగుతుంది, తాగే నీళ్ళు కొలిచి వాడుకుంటున్న రోజున ఆ దాహం చాలా బాధ పెడుతుంది.

కొనే వాటిలో నేను పెట్టేది వేడి చేయకుండా తినగలిగే పౌచ్ భోజనాలు. గాలి చొరని సంచిలో మూసేసి, 121 డిగ్రీల దగ్గర ఒత్తిడితో ఉడికిస్తారు, అందుకే ఫ్రిజ్ లేకుండా నెలల తరబడి ఉంటాయి. మన సైన్యం కోసం ఇలాంటి ఆహారం మీద మైసూరులోని రక్షణ ఆహార పరిశోధనశాల దశాబ్దాలుగా పని చేస్తోంది. నాలుగు ప్యాకెట్లు చాలు, ఖరీదెక్కువ.

వీటన్నిటితో పాటు ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు. అవి లేకపోతే లీటరు మంచినీళ్ళలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, చెంచా అంటే టీ చెంచా, అదీ తలగొట్టి. తాగే నీళ్ళు మనిషికి రోజుకి మూడు లీటర్ల లెక్కన మూడు రోజులకి, తుపాను హెచ్చరిక రాగానే క్యాన్లలో పట్టేస్తాం.

నా లెక్కలో ఒక పెద్ద లోపం ఉందని మాత్రం 2024 సెప్టెంబరులో తెలిసింది. బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ మునిగినప్పుడు మా అక్క వాళ్ళ ఇల్లు కింది అంతస్తు. నేను చెప్పినట్టే సామాను డబ్బాలో సర్దింది, వంటగదిలో స్టవ్ గట్టు కింద పెట్టింది. నీళ్ళు ఎంత వేగంగా వచ్చాయంటే పిల్లల్ని తీసుకుని మేడ మీదికి వెళ్ళడానికే టైమ్ సరిపోయింది. గ్యాస్ బండ నీళ్ళలో తేలింది, డబ్బా మునిగింది. డ్రోన్లతో ఆహార పొట్లాలు వేయడం టీవీలో మీరూ చూసే ఉంటారు. అక్క వాళ్ళకి మొదటి రోజు పక్క మేడ మీది పిన్నిగారు ఇచ్చిన బిస్కెట్లూ అరటిపళ్ళే. ఫోన్‌లో "డబ్బా కిందే ఉండిపోయిందిరా" అని అక్క అన్నప్పుడు నాకు గొంతు పట్టేసింది, ఎక్కడ పెట్టాలో నేను ఒక్క ముక్క కూడా చెప్పలేదు కదా అని.

తుపాను వేరు, వరద వేరు. తుపానులో ఇంట్లోనే ఉంటాం, పొయ్యి ఉంటుంది, నీళ్ళు ఉండవు. వరదలో చుట్టూ నీళ్ళే, పొయ్యి ఉండదు, తాగడానికి చుక్క ఉండదు. అందుకే ఇప్పుడు రెండు సంచులు. వండుకునేవి వంటగదిలో. వండక్కర్లేనివి, అంటే పుట్నాల పొడి, అటుకులు, గుజ్జు, పౌచ్‌లు, ఖర్జూరాలు, రెండు లీటర్ల సీసాలు, మందులు, టార్చి, కొంచెం చిల్లర డబ్బు, ఇవన్నీ భుజానికి తగిలించుకునే బ్యాగులో అటక మీద. అక్క ఇప్పుడు తన బ్యాగు మేడ మీది గదిలో పెడుతోంది.

ఇవన్నీ పని చేస్తాయో లేదో తెలుసుకోవడానికి క్యాంపింగ్‌ని మించింది లేదు. డిసెంబరులో లంబసింగి వెళ్ళి టెంటు వేసుకున్నాం, చిన్న గ్యాస్ స్టవ్, ఇద్దరికి నాలుగు లీటర్ల నీళ్ళు, అంతే. చలికి వేళ్ళు వంగని పొద్దున్న, గాలికి మంట పక్కకి వాలిపోతుంటే నాలుగు రాళ్ళు అడ్డం పెట్టి ఉప్మా చేసుకున్నాం. నీళ్ళు మరగడానికి ఇంట్లో కంటే చాలాసేపు పట్టింది, కాబట్టి గ్యాస్ డబ్బా ఒకటి అదనంగా ఉండాలని అక్కడే తెలిసింది. ఎంత చలైనా స్టవ్‌ని టెంటు లోపల మాత్రం వెలిగించకండి, కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

సామాను మార్చడానికి ఉగాది, దసరా గుర్తు పెట్టుకున్నాను, మే నెల తుపాన్లకీ అక్టోబరు, నవంబరు తుపాన్లకీ ముందు పడతాయి. గుజ్జు ఒక్కటే నెలనెలా కొత్తది, పాతది ఆదివారం పులిహోర అయిపోతుంది. పోయిన ఉగాదికి ఉప్మా ప్యాకెట్ ఒకటి విప్పితే పోపులో వేసిన పల్లీలు ముక్క వాసన కొట్టాయి. ఈసారి పల్లీలు మానేసి పుట్నాలు వేశాను. రుచి కొంచెం తగ్గిందని అమ్మ అంది కానీ, నాలుగు నెలల తర్వాత మొన్న విప్పి చూస్తే వాసన కమ్మగానే ఉంది.