కాక్ ఎక్కడ పడింది?

మన బడి సంచికకి ఏదైనా రాయమని మన బ్యాచ్ గ్రూపులో అడిగినప్పుడు ఒకరు లెక్కల మేడం గురించి రాస్తామన్నారు, ఇంకొకరు బడి ముందు బండి మీద చిత్రాన్నం గురించి. నేను పీటీ సార్ గురించి రాస్తానన్నాను. ఆయన షటిల్ ఎలా నేర్పేవారో ఎక్కడో ఒకచోట రాసి ఉండాలి. నేర్చుకునే వయసులో అదొక పద్ధతని మనకి తెలియదు. ఇప్పుడు నా కూతురిని కోచింగ్‌లో చేర్చాను. గోడవారగా కూర్చుని వాళ్ల క్లాసులు చూస్తుంటే సార్ విలువ తెలిసొస్తోంది.

సార్‌ది కోలారు వైపు. ఇంట్లో తెలుగు, స్టాఫ్ రూములో కన్నడం, గేమ్స్ పీరియడ్‌లో రెండూ. మనలో తెలుగు పిల్లలు కనిపిస్తే "ఏం అబ్బీ", "ఏం పాపా" అని పలకరించేవారు. మనకున్నది ప్రేయర్ హాలు ఒక్కటే. బెంచీలు జరిపి, ఫ్యాన్లు ఆపి, నెట్ కట్టుకుని ఆడేవాళ్లం. ఇది సరైన కోర్టు కాదని ఎవరైనా గొణిగితే సార్ బ్యాడ్మింటన్ ఆటగాడు ప్రకాశ్ పదుకొణె సంగతి చెప్పేవారు. ప్రకాశ్ ఆట నేర్చుకున్నది మన బెంగళూరు మల్లేశ్వరంలో పెళ్లిళ్లకి ఇచ్చే హాల్లో. పెళ్లి ఉన్న రోజున ఆట బంద్. అలాంటి చోట మొదలుపెట్టిన మనిషి 1980లో ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ టోర్నీ గెలిచారు.

సార్ ఏదైనా షాట్ చూపించాలంటే మనకి ఎదురుగా నిలబడేవారు కాదు. మనల్ని తన వెనక నిలబెట్టుకుని కొట్టేవారు. ఎదురుగా నిలబడి చూస్తే కుడి ఎడమలు తారుమారై పిల్లలు తికమకపడతారు. మూడు నాలుగు సార్లు మాటల్లేకుండా కొట్టి చూపించి పక్కకి తప్పుకునేవారు. రాకెట్ పట్టుకోవడం కూడా అంతే. "దానికి షేక్‌హ్యాండ్ ఇవ్వు" అనేవారు. ఫోర్‌హ్యాండ్ గ్రిప్ గురించి ఆయన చెప్పింది అదొక్కటే.

నాకు అన్నిటికంటే బాగా గుర్తున్నది సర్వీస్ నేర్పిన తీరు. ఆ రోజుల్లో సర్వీస్ చేసేవాళ్లకే పాయింటు. సర్వీస్ ఎవరిదైనా ర్యాలీ గెలిచినవాళ్లకి పాయింటు ఇచ్చే 21 పాయింట్ల పద్ధతి 2006లో వచ్చింది. అంతకుముందు ఆడపిల్లల సింగిల్స్ 11కి, మగపిల్లలది 15కి. ఎదుటివాళ్ల సర్వీస్‌లో ఎంత గొప్ప ర్యాలీ గెలిచినా సర్వీస్ మన చేతికి వస్తుందే తప్ప స్కోరు కదలదు. చేతికొచ్చిన ఆ సర్వీస్‌ని నెట్‌లో కొట్టామంటే పడ్డ కష్టమంతా వృథా.

నెట్ నడిమి ఎత్తు 5 అడుగులు. దానికి జానెడు పైన సార్ ఒక తాడు కట్టేవారు. షార్ట్ సర్వీస్ ఆ రెండిటి మధ్యలోంచి వెళ్లాలి. అవతల, నెట్‌కి ఆరున్నర అడుగుల దూరంలో ఉండే సర్వీస్ గీతకి కాస్త వెనగ్గా చాక్‌పీసుల ఖాళీ డబ్బా పెట్టేవారు. కాక్ దానికి తగలాలి. చెయ్యి ఇంత వెనక్కి తియ్యి, మణికట్టు ఇలా ఉంచు అని ఒక్క మాట కూడా అనేవారు కాదు. మొదట్లో కాక్ పోయి తాడుకి తగిలేది, కాదంటే నెట్‌లో పడేది. పోనుపోను చెయ్యి దారి వెతుక్కుంది. వెనక్కి లాగడం తగ్గింది. కాక్‌ని కొట్టడం పోయి మెల్లగా తోయడం వచ్చింది. ఇది ఎవరూ చెప్పగా నేర్చుకున్నది కాదు కాబట్టే మర్చిపోలేదు.

ఆ తర్వాత అసలు పరీక్ష. ఇరవై షార్ట్, ఇరవై లాంగ్ అని వరసగా చేయిస్తే మనకి హాయిగా ఉండేది. సార్ అలా చేయించేవారు కాదు. కాక్ చేతిలోకి తీసుకున్నాక "షార్ట్" అనేవారు. తర్వాత "లాంగ్". ఆ వెంటనే "ఫ్లిక్", అంటే షార్ట్ లాగే మొదలుపెట్టి చివర్లో మణికట్టు తిప్పి కాక్‌ని వెనక్కి లేపే సర్వీస్. ఒకటి కుదురుకునేలోపు ఇంకొకటి. వరసగా ఒకే సర్వీస్ చేసే వేరే బడి పిల్లలు ప్రాక్టీసులో మనకంటే ఎంతో బాగా కనిపించేవారు. అది చూసి మన అమ్మాయిలు టెన్షన్ పడేవాళ్లు. "మ్యాచ్‌లో ఎవరు పాపా నీతో ఒకే సర్వీస్ ఇరవైసార్లు వేయించేది?" అనేవారు సార్. తీరా మ్యాచ్‌లో చేతులు వణికేది వాళ్లకి, మనకి కాదు.

దీని మీద పరిశోధన ఉందని చాలా ఏళ్ల తర్వాత చదివి ఆశ్చర్యపోయాను. అమెరికాలో గూడ్, మాగిల్ అనే ఇద్దరు 1986లో ప్రచురించిన ప్రయోగం సరిగ్గా బ్యాడ్మింటన్ సర్వీసుల మీదే. అమ్మాయిలకి మూడు రకాల సర్వీసులు నేర్పారు. కొందరికి ఒక్కో రకం వరసగా, కొందరికి కలగాపులగంగా. నేర్పడం ముగిశాక పరీక్ష పెడితే కలగాపులగంగా నేర్చుకున్నవాళ్లే మెరుగ్గా చేశారు. కుడి కోర్టులో నేర్పి ఎడమ కోర్టు నుంచి చేయమన్నప్పుడూ వాళ్లదే పైచేయి. ఒకే సర్వీస్ పదేపదే చేస్తుంటే బుర్రకి పనుండదు, చెయ్యి దాని మానాన అది చేసుకుపోతుంది. మార్చి మార్చి అడిగితే ప్రతిసారీ మొదటి నుంచి గుర్తు తెచ్చుకోవాలి. మ్యాచ్‌లో అక్కరకొచ్చేది అదే. అయితే ఇంకా గ్రిప్ కుదరని ఆరో తరగతి పిల్లలతో సార్ ఒకే సర్వీస్ ఓపిగ్గా చేయించేవారు. ఎవరికి ఎప్పుడు కలపాలో ఆయనకి తెలుసు.

నా కూతురి కోచ్ మంచివాడే, కష్టపడతాడు. కానీ పిల్ల కొడుతుండగానే మోచెయ్యి, భుజం, కాలు అంటూ అరుస్తాడు. ఆ మాటలకి పిల్ల కళ్లు కాక్‌ని వదిలి తన చేతి మీదకి పోతాయి. ఒంటి మీద కంటే కొట్టిన దెబ్బ ఫలితం మీద ధ్యాస పెట్టేవాళ్లకి ఆట త్వరగా పట్టుబడుతుందని గాబ్రియేలె వుల్ఫ్ అనే శాస్త్రవేత్త 1990ల చివరి నుంచి ఎన్నో ప్రయోగాల్లో చూపించారు. సార్ ర్యాలీ అయ్యేదాకా ఆగేవారు. అయ్యాక మన దగ్గరికి వచ్చి అడిగేవారు.

"కాక్ ఎక్కడ పడింది పాపా?"

"నెట్‌లో సార్."

"ఎందుకు?"

"కాక్ నా తల వెనక్కి వెళ్లిపోయాక కొట్టాను సార్."

"మరి?"

"ఇంకా ముందే వెనక్కి వెళ్లాలి."

"వెళ్లు."

జవాబు మన నోటి నుంచి వచ్చేదాకా ఆయన ఎంతసేపైనా నిలబడేవారు. పిల్లల మీద అంత నమ్మకం పెట్టుకునే పెద్దవాళ్లని నేను ఎక్కువమందిని చూడలేదు.

2001 మార్చిలో గోపీచంద్ చైనా ఆటగాడు చెన్ హాంగ్‌ని 15-12, 15-6తో ఓడించి ఆల్ ఇంగ్లండ్ గెలిచిన వార్త గుర్తుందా? ప్రకాశం జిల్లాలో పుట్టిన తెలుగువాడు, మన ఊళ్లోనే ప్రకాశ్ అకాడమీలో సాధన చేసినవాడు. మోకాలికి అన్ని ఆపరేషన్లయ్యాక సాధించిన గెలుపు అది. సార్ పేపరు తెచ్చి హాల్లో గోడకి అంటించారు. ఆ రోజు కాక్‌లు బయటికి తీయలేదు. రాకెట్లకి కవర్లు తొడిగే ఉంచి, ఆయన వేలు ఎటు చూపిస్తే ఆ మూలకి వెళ్లి రావడం, అదే పని. ఎవరూ విసుక్కోలేదు.

హాల్లో చెరిగిపోయిన కోర్టు గీతలు మళ్లీ వేయించాలని మన బ్యాచ్ అనుకుంటోంది. నా వంతు డబ్బు పంపిస్తున్నాను. గీతలతో పాటు నెట్ స్తంభాలకి జానెడు పైన చెరొక కొక్కెం కూడా పెట్టించమని కమిటీకి నా విన్నపం. తాడు నేను తెస్తాను.