అర్థం అడగని గొంతు

మా అమ్మాయికి తెలుగు వింటే తెలుస్తుంది, చదవడం రాదు. అందుకని రాత్రిపూట కథలు నేనే చదివి వినిపించేవాణ్ణి. ఒకనాడు నా చేతిలోని పుస్తకం మూసేసి, ఇకమీదట నేను చదవనక్కరలేదనీ, కంప్యూటరు చేత చదివిస్తే వింటాననీ ఇంగ్లీషులో తేల్చి చెప్పింది. ఎందుకని అడిగితే, "నువ్వు ప్రతి వాక్యం దగ్గరా ఆగి అర్థమడుగుతావు నాన్నా, అది అడగదు" అన్నది.

కంప్యూటరు చేత తెలుగు చదివించే ఏర్పాటు చేసింది కూడా నేనే. నేను పనిలో మునిగి ఉన్నప్పుడైనా పిల్ల చెవిన నాలుగు తెలుగు ముక్కలు పడతాయన్న ఆశతో ఈ-స్పీక్ ఎన్‌జీ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ను పాత ల్యాప్‌టాప్‌లో పెట్టాను. జొనాథన్ డడింగ్టన్ 1995లో ఏకార్న్ కంప్యూటర్ల కోసం రాసిన ప్రోగ్రాము దీనికి మూలం. ఇందులో మనిషి పలికిన మాటలను రికార్డు చేసి అతికించడమంటూ ఉండదు; ఏ అక్షరం ఎలా పలకాలో చెప్పే సూత్రాలను బట్టి శబ్దాన్ని చాలావరకు అప్పటికప్పుడు లెక్కగట్టి పుట్టిస్తుంది, కనుకనే తెలుగుతో సహా వందకు పైగా భాషలు కొద్ది మెగాబైట్లలో ఇమిడిపోయాయి. చూపులేనివారికి తెర మీది అక్షరాలను చదివి వినిపించే ఎన్‌వీడీఏతో కలిసి వచ్చేదీ ఇదే. వినసొంపు మాత్రం తక్కువ. వీడియో కాల్‌లో విన్న మా అమ్మ, "ఎవర్రా ఆ పంతులుగారు, ముక్కుతో చదువుతున్నారు?" అని అడిగింది.

చదివించడానికి కథల కొరత లేదు. ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్‌లో ఎవరైనా వాడుకోవడానికి అనుమతి ఉన్న తెలుగు బొమ్మల కథలున్నాయి. కాపీరైటు తీరిన పాత పుస్తకాలు వికీసోర్స్‌లో దొరుకుతాయి. చిక్కంతా బంధుమిత్రులు పంపే పీడీఎఫ్‌లతోనే. 'అను' అనే పేరున్న ఫాంట్లలో కూర్చిన పుస్తకం మన కంటికి చక్కని తెలుగులాగే కనిపించినా, లోపల ఉన్నది యూనికోడ్ (కంప్యూటర్లన్నీ గుర్తుపట్టే అక్షర సంకేతాల పద్ధతి) కాదు కనుక యంత్రానికి అది పొంతన లేని గుర్తుల వరుస. ప్రతి పేజీనీ బొమ్మగా మార్చి, టెస్సరాక్ట్ అనే ప్రోగ్రాము చేత అక్షరాలను గుర్తింపజేసి, ఆ తర్వాత తప్పులు దిద్దుకుంటే గాని దాని నోట తెలుగు రాదు.

నా మొండితనం బయటపడింది చకారం దగ్గర. 'చిలుక'లోని చకారం వేరు, 'చుక్క'లోని చకారం వేరని మనకు ఎవరూ నేర్పకుండానే తెలుసు. రాత ఒకటే కావడంతో నా యంత్రం రెండింటినీ ఒకేలా పలికింది. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కనుక ఉచ్చారణ సూత్రాలూ, మినహాయింపు పదాల జాబితా మామూలు పాఠ్య ఫైళ్లలో అందరికీ అందుబాటులో ఉంటాయి, దిద్దుకోవడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. ఇక చూడండి, పిల్ల పక్కన అరగంట కూర్చుని చదవడానికి ఆవులింతలు వచ్చే నాకు, 'చుక్క', 'చాప', 'జున్ను' సరిగ్గా పలికించడం కోసం అర్ధరాత్రి దాటేదాకా కూర్చోవడం ఏమంత కష్టమనిపించలేదు. అమ్మాయి ఎప్పుడు పడుకుందో నాకు తెలియనే తెలియదు. తెల్లవారి మా ఆవిడ, "యంత్రానికి తెలుగు బాగా వచ్చిందా?" అని మాత్రం అడిగింది.

కాస్త మంచి గొంతు కావాలనుకునేవారికి పైపర్ ఉంది. అదీ స్వేచ్ఛా సాఫ్ట్‌వేరే; మనుషుల రికార్డింగుల నుంచి నేర్చుకున్న తెలుగు గొంతులు అందులో ఉన్నాయి, రాస్ప్‌బెర్రీ పై వంటి చిన్న కంప్యూటరు మీద కూడా నెట్ లేకుండా పనిచేస్తుంది. మా ఇంట్లో పిల్ల ఏ కథ వింటున్నదో ఏ కంపెనీకీ తెలియనవసరం లేదని దీని గురించి నేను మిత్రులకు ఉపన్యాసాలు కూడా ఇచ్చాను. మా వంటింటి గట్టు మీద పగలూ రాత్రీ చెవులు రిక్కించుకుని కూర్చునే స్మార్ట్ స్పీకరు సంగతి ఆ ఉపన్యాసాల్లో రాదు. ఇంతకీ అమ్మాయి పైపర్ గొంతును తోసిపుచ్చింది, అది ఆదివారం తెలుగు బడి టీచరుగారిలా ఉందట. ముక్కు పంతులుగారే కావాలట.

మొదట్లో నాకు ఇదంతా లాభంగానే కనిపించింది. నన్ను సలహా అడిగిన తల్లిదండ్రులకు యంత్రం పెట్టండి, మీరు నోరు మూసుకోండి అని చెప్పేవాణ్ణి. అయితే ఈమధ్య అమ్మాయి మా అమ్మతో ఫోనులో, "నానమ్మా, అన్నం తిన్నావా" అంటుంటే, ప్రశ్న చివర లేవవలసిన గొంతు లేవలేదని నాకు అనిపించింది. అది ముక్కు పంతులుగారి చలవా, ఇంగ్లీషు బడి చలవా, నా అనుమానమా అన్నది తేలలేదు. మా అమ్మకైతే ఏ తేడా తెలియలేదు. మనవరాలు తెలుగులో పలకరించిందని పొంగిపోయింది.

ఇప్పుడు నన్ను వేధిస్తున్నది వేగం సంగతి. ఈ-స్పీక్ తనంతట తాను నిమిషానికి 175 పదాల లెక్కన చదువుతుంది. పిల్లకు అందాలని నేను 110కి తగ్గించి పెట్టాను. మొన్న చూస్తే తను దాన్ని 220కి పెంచుకుని వింటున్నది. అలవాటు పడిన చూపులేనివారు అంతకంటే వేగంగా విని అర్థం చేసుకుంటారు, ఆ వేగంలోనూ మాట స్పష్టంగా ఉండటం ఈ గొంతుకున్న పెద్ద గుణం. నా చెవికి మాత్రం సగం వాక్యాలు జారిపోయాయి. తనకు కథ నిజంగానే అందుతున్నదో, రోజుకొక కథ వినాలని నేను పెట్టిన నియమాన్ని తొందరగా వదిలించుకుంటున్నదో తెలుసుకోవాలంటే ఆపి అర్థమడగాలి. అడగవద్దనే కదా నన్ను మాన్పించింది.