తలుపు కింది వెలుగు: ఏడో వారం

ఇంగ్లండ్ రాజు నాలుగో ఎడ్వర్డ్ కొడుకులిద్దరిని చూపుతూ ఫ్రెంచి చిత్రకారుడు పాల్ దెలరోష్ 1830లో వేసిన ‘ఎడ్వర్డ్ కుమారులు’ చిత్రానికి విజయవాడలోని మా ఇంటి వెనుక గదిలో తైలవర్ణాలతో నకలు మొదలుపెట్టి నేటికి ఏడు వారాలైంది. ప్యారిస్‌లోని లూవ్ర్ ప్రదర్శనశాలలో ఉన్న అసలు చిత్రం 181 సెంటీమీటర్ల ఎత్తు, 215 సెంటీమీటర్ల వెడల్పు గలది కాబట్టి, బజారులో సులువుగా దొరికే 20×24 అంగుళాల కాన్వాస్ ఆ ఎత్తు వెడల్పుల నిష్పత్తికి దాదాపు సరిపోయింది. పైభాగంలో అర సెంటీమీటరు మాత్రం వదులుకున్నాను.

గళ్లు గీసి బొమ్మ దించుకోవడం రెండు వారాల్లోనే ముగిసింది. ఇబ్బంది పెట్టింది నలుపే. పెద్ద పిల్లవాడి దుస్తులకు ఐవరీ బ్లాక్ దట్టంగా పూశాను. ఆ రంగు నూనెలో నెమ్మదిగా ఆరుతుంది, పైగా ముసురు పట్టింది. అది పచ్చిగా ఉండగానే త్వరగా ఆరే బర్న్ట్ అంబర్ అనే ముదురు గోధుమరంగుతో మడతలు వేయడం వల్ల వారానికల్లా పైపొర పాల మీది మీగడలా ముడతలు పడింది. అంతా గీకేసి, అంబర్‌లో అల్ట్రామెరీన్ నీలం కలిపి పలుచగా మళ్లీ వేశాను. నలుపు డబ్బాలో లేని లోతు ఈ మిశ్రమంలో వచ్చింది.

ఈ వారమంతా చిత్రంలోని తలుపు కింది వెలుగు మీదే గడిచింది. మంచం మీద అన్నదమ్ములిద్దరూ ఒదిగి కూర్చుని ఉంటారు, వారి చిన్న కుక్క ఆ వెలుగు వైపే చూస్తూ ఉంటుంది. దానిని ఎలా వేయాలో తెలియక, రాత్రి గదిలో దీపాలన్నీ ఆర్పి, వరండాలో నూనె దీపం పట్టుకుని నిలబడమని అమ్మను అడిగాను. గడప దగ్గర పసుపుగా, పదునుగా ఉన్న గీత జానెడు దూరం వచ్చేసరికి గోధుమరంగులోకి కరిగిపోయింది. అవతలి నుంచి అమ్మ, “ఇంతకీ ఆ పిల్లలను చంపిందెవరురా?” అని అడిగింది.

1483 ఏప్రిల్‌లో నాలుగో ఎడ్వర్డ్ మరణించాక, అతని 12 ఏళ్ల పెద్ద కొడుకు ఐదో ఎడ్వర్డ్‌ను, అతని తమ్ముడు రిచర్డ్‌ను లండన్ టవర్ కోటలో ఉంచారు. జులై 6న వారి పినతండ్రి మూడో రిచర్డ్‌గా పట్టాభిషిక్తుడయ్యాడు; ఆ వేసవి దాటాక పిల్లలు ఎవరి కంటా పడలేదు. 1674లో అక్కడి మెట్ల కింద దొరికిన ఎముకలను వారివేనని నమ్మి వెస్ట్‌మినిస్టర్ అబ్బే చర్చిలో ఉంచారు గాని, ఆ సంగతి నేటికీ రుజువు కాలేదు. అనుమానం పినతండ్రి మీదే ఎక్కువ అని చెప్పాను. అమ్మ దీపం దించి, చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

తలుపు అవతలికి వచ్చిన వారెవరో దెలరోష్ చెప్పలేదు, అందుకే ఆ వెలుగు అరవకూడదని నా అభిప్రాయం. మొదట తెలుపులో నిమ్మపసుపు కలిపి వేస్తే ట్యూబులైటులా మెరిసి, కుక్క భయం కనిపించకుండా పోయింది. దానిని గుడ్డతో తుడిచి, ఎల్లో ఓకర్ అనే మట్టి పసుపులో చిటికెడు తెలుపు కలిపి, అగ్గిపుల్ల మందాన ఒకే గీత గీశాను. ఇక కుక్క చెవి అంచున ఆ వెలుగు తగిలే చోటు మిగిలింది. అడుగున ఉన్న గోధుమ పొర ఆరాక, వచ్చే ఆదివారం సున్నా నంబరు కుంచెతో వేస్తాను.