చెప్పులు లెక్కపెట్టి బడి ఎంచుకున్నాను

నిన్న సాయంత్రం ఫీజు కట్టి రసీదు తెచ్చుకున్నాం. ఇక 12న బళ్లు తెరవడమే తరువాయి. వేడి మీదే రాసేస్తున్నాను, చల్లారితే మొహమాటపడి సగం మింగేస్తానని.

మాది గుంటూరు, నల్లచెరువు. నేను మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో గుమాస్తాని. మా పాపకి ఈ ఏడు ఒకటో తరగతి. ఆ మాట రాగానే ఇంట్లో రెండు పార్టీలయ్యాయి. మా ఆవిడా, మా బావమరిదీ పెద్ద స్కూలు పార్టీ. "రెండు వేలమంది చేరారంటే ఊరికే చేరతారా బావా?" అని వాడి వాదన. నాది చిన్న స్కూలు పార్టీ. ఎందుకని అడిగితే నా దగ్గర జవాబు లేదు. నేను చిన్న బళ్లో చదివాను, అంతే.

కాగితాల పని గంటలో తేలిపోయింది. జనన ధ్రువపత్రంలోనూ ఆధార్‌లోనూ ఇంటిపేరు ఒకేలా ఉందో లేదో చూసుకుంటే చాలు.

అసలు కథ పెద్ద స్కూల్లో జరిగింది. ఫారానికి 500 తీసుకుని ఫిబ్రవరిలో ఒక రోజు రమ్మన్నారు. ఫిబ్రవరంటే మాకు ఊపిరాడని సీజను. షావుకారుని కాళ్లావేళ్లా పడి ఒక పూట సెలవడిగాను. వెళ్తే మా టోకెన్ నంబరు 64. ఏసీ హాలు, గోడ నిండా ర్యాంకర్ల ఫొటోలు. అందులో ఒకటో తరగతి పిల్ల ఒక్కతీ లేదు. జరిగేదాన్ని పరీక్ష అనరట, ఇంటరాక్షన్ అంటారట.

లోపల మేడమ్ ముందు నన్నే పట్టుకుంది. "సర్, మీ క్వాలిఫికేషన్?" ఇంటర్ అన్నాను. "ఇంటర్‌తో ఆపేశారా?" అంది. మా ఆవిడ బీకాం అని చెప్పేసరికి కుర్చీ ఆవిడ వైపు తిప్పేసింది. అక్కణ్ణుంచి నా మొహం చూడలేదు.

తర్వాత పాపకి బొమ్మల కార్డులు చూపించింది. యాపిల్, బస్సు, ఏనుగు, గడగడా చెప్పింది. నాలుగో కార్డులో ముడతలు పడ్డ పొడుగాటి ఎండు మిరపకాయ. పాప మొహం వెలిగిపోయింది.

"బాడిగ."

"ఇంగ్లీష్‌లో చెప్పు బేబీ."

"బాడిగే. తేజ సన్నగా ఉంటుంది, దానికిన్ని ముడతలుండవు. కదా నాన్నా?"

బాడిగ, తేజ రెండూ మిర్చి రకాలు. నా సంచిలో ఇంటికొచ్చే శాంపిల్ కాయలతో ఆడుకుంటూ నేర్చుకుంది. యార్డులో కొత్తగా చేరిన కుర్రాడికి ఆ తేడా పట్టుబడేసరికి నెల పడుతుంది. గొప్ప చెప్పుకుంటున్నాననుకున్నా సరే, నా కూతురు చెప్పింది కరెక్టు. ఆ మేడమ్ మాత్రం ఎర్ర పెన్నుతో కాగితం మీద ఇంటూ కొట్టింది. చెయ్యి అడ్డం పెట్టుకోలేదు కూడా. పాప ఆ ఇంటూ వైపే చూస్తూ కూర్చుంది.

మెట్లు దిగుతుంటే "తప్పు చెప్పానా నాన్నా?" అంది. లేదమ్మా అన్నాను. నా గొంతు నాకే నచ్చలేదు. బయట బండి దగ్గర చెరుకురసం తాగించాను. మా ఆవిడ ఇల్లు చేరేదాకా మాట్లాడలేదు.

అంతకుముందు కౌంటర్లో పీఆర్వో కుర్రాడు ఒకడు తగులుకున్నాడు. సీటు సర్దుతానన్నాడు, కాకపోతే ఫౌండేషన్ క్లాసులకి 12,000 అదనమట. "తల్లికి వందనం 13,000 పడతాయి కదా సర్, సరిపోతుంది" అన్నాడు. మా ఆవిడ ఖాతాలో ఇంకా పడని ప్రభుత్వ పథకం డబ్బుకి వాడు అప్పుడే పద్దు రాసేశాడు! సెక్షన్‌కి ఎంతమంది అంటే "ముప్ఫై ఐదు సర్, మహా అయితే నలభై" అన్నాడు. వరండాలో నడుస్తూ ఒకటో తరగతి కిటికీలోంచి చూశాను. బెంచీలకి తగిలించిన బ్యాగులు 46. మిర్చి బస్తాలు, అవే మా టిక్కీలు, లెక్కపెట్టి లెక్కపెట్టి ఈ కళ్లు నడుస్తూ కూడా తప్పవు.

2009 విద్యాహక్కు చట్టం 13వ సెక్షన్ ప్రకారం పిల్లలకీ తల్లిదండ్రులకీ ఇలా వడపోత పెట్టకూడదని తర్వాత తెలిసింది. పెడితే మొదటిసారి 25,000 దాకా, ఆపైన ప్రతిసారీ 50,000 దాకా జరిమానా. ఆ రోజు మాది 64వ టోకెనని చెప్పాను కదా, లెక్క మీరే కట్టుకోండి.

ఇక నా పార్టీ గెలిచిందనుకున్నాను. ఒంటిపూట బళ్లప్పుడు పక్క వీధిలో చిన్న ప్రైవేటు స్కూలుకి వెళ్లాను. గది బయట 17 జతల చెప్పులు. పొంగిపోయాను. లోపల చూస్తే ఒకటీ రెండూ తరగతులు కలిపి 17 మంది. బోర్డు మధ్యలో సుద్దతో గీత, ఇటు కూడికలు, అటు ఎక్కాలు. ఒకటో తరగతిలో ఆడపిల్ల ఒక్కతీ లేదు. మా ఆవిడ ఏమీ అనలేదు, నా వైపు చూసింది, అంతే. నా జెండా అక్కడే దిగిపోయింది.

మున్సిపల్ బడికీ వెళ్లాం. హెడ్మాస్టరమ్మ కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చింది. "చూడు నాయనా, 52 మంది పిల్లలు, ఇద్దరం టీచర్లం. 60 మంది దాకా ఇద్దరు చాలంటుంది చట్టం. కానీ తరగతులు ఐదు కదా. ఒకరం ట్రైనింగుకి వెళ్తే రెండోవాళ్లే అన్నీ చూడాలి" అంది. పిల్లలు సరిపడా ఉన్నచోట తరగతికొక టీచరుండేలా 2025లో మోడల్ ప్రైమరీ స్కూళ్లు చేశారనీ, దగ్గర్లో ఉంటే అక్కడ చేర్చమనీ చెప్పింది. మాకది దూరం. ఇన్ని బళ్లు తిరిగితే తన బడి లోటు తానే చెప్పింది ఆవిడొక్కతే. ప్రతి బడికీ ప్రభుత్వం ఇచ్చే 11 అంకెల యూడైస్ కోడ్ ఉంటుందనీ, మన రాష్ట్రంలో 28తో మొదలవుతుందనీ, దాంతో చూస్తే పిల్లలెందరో టీచర్లెందరో తెలుస్తుందనీ చెప్పిందీ ఆవిడే. పీఆర్వో కుర్రాణ్ణి ఆ కోడ్ అడిగితే "అది ఆఫీసు విషయం సర్" అన్నాడు.

ఇన్నాళ్లూ ఇంట్లో దెబ్బలాడుకున్నది బడి మొత్తం లెక్క గురించి. యార్డుకి లక్ష టిక్కీలు రానీ, ఒక్కో కాటాకి ఎన్ని వస్తున్నాయన్నదే కదా చూసుకోవాల్సింది? ఒకటి నుంచి ఐదు దాకా టీచరుకి 30 మందికి మించకూడదని చట్టంలోనే ఉంది. అంత పని చేసే నాకు ఇది తట్టడానికి మూడు నెలలు పట్టింది.

చివరికి చేర్చిన బళ్లో 190 మంది. తరగతికి ఒకే సెక్షన్, దానికొక టీచరు. ఒకటో తరగతి గది బయట 27 జతలు, నేనే లెక్కపెట్టాను. గ్రౌండు పేరుకే, నాలుగు కంప్యూటర్లకీ దుప్పట్లు కప్పి ఉన్నాయి. టీచర్లు ఎన్నాళ్లుగా ఉంటున్నారో ప్రిన్సిపాల్ని అడగలేదు, గేటు దగ్గర ఆయమ్మని అడిగాను. "ఒకటో తరగతి టీచరమ్మ ఆరేళ్లుగా ఇక్కడే బాబూ" అంది. మీరూ ఆయమ్మనే అడగండి, పీఆర్వోలని గడప తొక్కనివ్వకండి.

బావమరిది ఇంకా మూతి ముడుచుకునే ఉన్నాడు. ఈ పొద్దున కూడా ఆ పెద్ద స్కూలు నుంచి మెసేజ్ వచ్చింది, సీట్లు కొన్నే మిగిలాయట, త్వరపడమని. అందులో మా పాప పేరు బదులు ఎవరో అబ్బాయి పేరుంది. నా 500 మాత్రం ఇంకా రాలేదు.