నెక్ ఫాష్ ప్రశ్నలో మార్కు ఎక్కడ పోతుందంటే

మెడికల్ పరీక్ష రిజల్ట్ వచ్చిన దగ్గర్నుంచి జూనియర్లు అడుగుతున్నది ఒకటే: "సర్జరీ ఎలా చదివావన్నా?" అంతా రాసే ఓపిక లేదు. నెక్రోటైజింగ్ ఫాసియైటిస్ (నెక్ ఫాష్: చర్మం కింద ఫాసియా అనే పొర వేగంగా కుళ్లిపోయే ఇన్‌ఫెక్షన్) ఒక్కటి చెప్తా. పోయిన అటెంప్ట్‌లో నాకు మైనస్ పడ్డ టాపిక్ ఇది.

టైప్ 1 పాలీమైక్రోబియల్ (చాలా రకాల బ్యాక్టీరియా కలిసి), టైప్ 2 గ్రూప్ ఎ స్ట్రెప్ అనే బ్యాక్టీరియా. ఇది అందరికీ వచ్చు, ప్రశ్న అక్కడ రాదు. ఇలా వస్తుంది: షుగర్ పేషెంట్, కాలు వాపు, బీపీ 90/60. ఎర్రదనం కొంచెమే, నొప్పి మాత్రం విపరీతం. వాపు ఎరుపు అంచు దాటి పోయింది, నొక్కితే చెక్కలా ఉంది. ఎక్స్‌రేలో గ్యాస్ లేదు. ఎల్‌రినెక్ (ఈ జబ్బు అనుమానానికి రక్తపరీక్షలతో వేసే స్కోరు) 4. తర్వాత ఏం చేస్తారు?

చెయ్యి ఎంఆర్‌ఐ మీదకి పోతుంది. ఆన్సర్ సర్జికల్ ఎక్స్‌ప్లొరేషన్, అంటే కోసి లోపల చూడటం. స్ట్రెప్ మామూలుగా గ్యాస్ చెయ్యదు, కాబట్టి గ్యాస్ లేదని వదిలేయడానికి లేదు. ఎంఆర్‌ఐకి టైమ్ పడుతుంది, పైగా ఫాసియాలో నీరు మామూలు సెల్యులైటిస్‌లోనూ (చర్మం ఇన్‌ఫెక్షన్) కనపడొచ్చు. పేషెంట్ స్టేబుల్‌గా ఉండి, అనుమానం తేలకపోతే సీటీ. బొబ్బలు, క్రెపిటస్ (నొక్కితే లోపల గ్యాస్ చిటపటలాడటం), చర్మం మొద్దుబారడం లేట్ సైన్స్. వాటి కోసం ఆగితే ఆలస్యమైనట్టే. న్యూరోపతీ (షుగర్ వల్ల నరాలు దెబ్బతినడం) ఉంటే అసలు నొప్పే చెప్పకపోవచ్చు, అది ఇంకో ట్రాప్.

ఎల్‌రినెక్ బట్టీ పట్టాల్సిందే: సీఆర్‌పీ (వాపును చూపే రక్తపరీక్ష) 150 అయితే 4, డబ్ల్యూబీసీ 15 వేలకి 1, 25 వేలు దాటితే 2, హీమోగ్లోబిన్ 13.5 లోపు 1, 11 లోపు 2, సోడియం 135 లోపు 2, క్రియాటినిన్ 1.6 దాటితే 2. గ్లూకోజ్ 180 దాటితే 1. మొత్తం 13. 6కి అనుమానం, 8కి గట్టి అనుమానం. తక్కువ వచ్చిందని జబ్బు లేదనుకోవద్దు. నా మార్కు పోయింది ఇక్కడే.

ఫింగర్ టెస్ట్: లోకల్ ఇచ్చి 2 సెం.మీ. కోత, డీప్ ఫాసియా దాకా. రక్తం రాదు, గిన్నెలు కడిగిన నీళ్లలాంటి ద్రవం వస్తుంది, వేలు పెడితే పొరలు అడ్డం లేకుండా విడిపోతాయి. అంతే, థియేటర్‌కి.

ఒక్క టాపిక్‌కి రెండ్రోజులా అని రూమ్మేట్లు నవ్వారు. నవ్వనీ. షాక్, యాంటీబయాటిక్స్, డయాబెటిస్ మూడూ ఇందులోనే రివైజ్ అయ్యాయి.

ఫ్లూయిడ్స్ కిలోకి 30 మి.లీ., ఎంఏపీ (సగటు బీపీ) 65 రాకపోతే బీపీ పెంచే నారడ్రినలిన్. కల్చర్ తీసి పిప్‌టాజ్ (పిపరాసిలిన్-టాజోబాక్టమ్) 4.5 గ్రా., వాంకోమైసిన్ కిలోకి 25-30 మి.గ్రా. లోడింగ్, క్లిండామైసిన్ 900 మి.గ్రా. 8 గంటలకోసారి. క్లిండా ఎందుకు? పెనిసిలిన్ పెరుగుతున్న బ్యాక్టీరియా మీదే బాగా పనిచేస్తుంది. బ్యాక్టీరియా మరీ ఎక్కువైతే అవి పెరగడం ఆపేస్తాయి, ఈగిల్ ఎఫెక్ట్ అంటే ఇదే. క్లిండా 50ఎస్ (బ్యాక్టీరియాలో ప్రొటీన్ తయారుచేసే రైబోజోమ్‌లో ఒక భాగం) మీద పట్టి టాక్సిన్ తయారీనే ఆపుతుంది. సముద్రపు నీళ్లలో గాయం అని ఉంటే విబ్రియో అనే బ్యాక్టీరియా, డాక్సీసైక్లిన్ కలపాలి. ఐవీఐజీ (యాంటీబాడీల ఇంజెక్షన్), హైపర్‌బారిక్ (ఎక్కువ ఒత్తిడిలో ఆక్సిజన్) ఆప్షన్లు ముట్టుకోవద్దు.

డిబ్రైడ్‌మెంట్ (కుళ్లిన టిష్యూ కోసెయ్యడం) రక్తం కారే మంచి టిష్యూ వచ్చేదాకా. 24 గంటల్లోపు సెకండ్ లుక్, అంటే మళ్లీ థియేటర్‌లో తెరిచి చూడటం. మొదటిసారే క్లోజ్ చేసే ఆప్షన్ ఎప్పుడూ తప్పే.

ఫోర్నియర్స్‌లో (జననాంగాల దగ్గర వచ్చే నెక్ ఫాష్) వృషణాలు తీసెయ్యాలా అని అడుగుతారు. మామూలుగా అక్కర్లేదు. వాటికి రక్తం స్క్రోటమ్ (వృషణాల సంచి) నుంచి కాదు, అయోర్టా నుంచి వచ్చే టెస్టిక్యులర్ ఆర్టరీ ద్వారా వస్తుంది. అందుకే చుట్టూ చర్మం పోయినా అవి బతికే ఉంటాయి, తొడ చర్మం కింద పౌచ్‌లో పెడతారు.